అమెరికాలో ఆరోగ్య సంస్కరణ తరువాత మీ కుటుంబ ఆరోగ్య బీమా ఖర్చును లెక్క వేసుకోవడం ఎలా?

ఏటా దీపావళి వెళ్లీ వెళ్లకముందే అమెరికాలోని తెలుగు ఇళ్లకు బీమా కంపెనీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. వచ్చే జనవరి నుంచి నెలకు ఎంత కట్టాలో అందులో లావుపాటి అక్షరాలతో ఉంటుంది. ఆ అంకె చూసి ఒకరు ఇదంతా ఒబామాకేర్ పుణ్యమేనని విసుక్కుంటారు, మరొకరు ఒబామాకేర్‌ను నీరుగార్చబట్టే ఇలా అయిందని వాదిస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది గానీ, వాటిలో ఏదీ మీ ఇంటి నుంచి ఎంత డబ్బు బయటికి వెళుతుందో చెప్పదు. అది తెలియాలంటే కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఈ వ్యాసం ఆ కూర్చునే గంటన్నర కోసం రాసినది.

ముందుగా తీసి పెట్టుకోవలసినవి ఇవి: బీమా కంపెనీ పంపిన ఉత్తరం, ఉద్యోగం ఉన్నవారైతే యజమాని ఇచ్చిన వార్షిక జీతపత్రం డబ్ల్యూ-2, గత ఏడాది పన్ను రిటర్ను, ఇంట్లో ఒక్కొక్కరి వయస్సు, ఒక్కొక్కరి వలస హోదా. చివరిది బీమాకు ఎందుకని అనిపించవచ్చు గానీ, 2027 నుంచి చాలా తెలుగు కుటుంబాల లెక్కను తారుమారు చేయబోయేది అదే.

చట్టం ధరను ఎక్కడ పట్టుకుంది?

ఒబామాకేర్ అని పిలిచే అఫర్డబుల్ కేర్ యాక్ట్ మీద అప్పటి అధ్యక్షుడు ఒబామా 2010 మార్చి 23న సంతకం చేశారు. సొంతంగా బీమా కొనుక్కునేవారికి సంబంధించిన ముఖ్యమైన నిబంధనలు 2014 జనవరి 1న అమలులోకి వచ్చాయి. అంతకు ముందు చాలా రాష్ట్రాలలో దరఖాస్తులోనే జబ్బుల చరిత్ర అడిగేవారు. షుగరో బీపీయో ఉందని రాస్తే ధర పెంచడం, ఆ జబ్బు ఖర్చును మినహాయించడం, లేదా పాలసీయే ఇవ్వకపోవడం మామూలు. మన ఇళ్లలో నలభై దాటిన వారిలో ఈ రెండింటిలో ఒకటైనా లేనివారు ఎంతమందో లెక్క పెట్టుకుంటే, ఆ పద్ధతి పోవడం మనవారికి ఎంత మేలో తెలుస్తుంది. ఇప్పుడు కంపెనీ ధర కట్టేటప్పుడు చూడదగినవి వయస్సు, నివసించే ప్రాంతం, పొగాకు అలవాటు, పాలసీలో ఎంతమంది ఉన్నారు అన్నవి మాత్రమే. 64 ఏళ్ల వ్యక్తి నుంచి 21 ఏళ్ల వ్యక్తి కట్టేదానికి మూడు రెట్లకు మించి వసూలు చేయరాదు. పొగాకు వాడేవారికి అదనపు భారం సగానికి మించరాదు.

మీ ఉత్తరంలోని పెంపును విడదీయడానికి మొదటి పనిముట్టు ఈ వయస్సు పట్టికే. చాలా రాష్ట్రాలు వాడే కేంద్ర పట్టికలో 21 ఏళ్ల వ్యక్తికి 1 అనుకుంటే, 40 ఏళ్లకు 1.278, 50కి 1.786, 51కి 1.865, 60కి 2.714, 64కి 3. అంటే 50 నుంచి 51లోకి అడుగు పెట్టిన మనిషికి, కంపెనీ ఒక్క సెంటు పెంచకపోయినా, ప్రీమియం సుమారు 4.4 శాతం పెరుగుతుంది. ఉత్తరంలో 12 శాతం పెంపు కనిపిస్తే అందులో మూడో వంతు కన్నా ఎక్కువ పుట్టినరోజు ఖాతాలోకి వెళ్లవలసినదే. న్యూయార్క్, వెర్మాంట్‌లలో మాత్రం వయస్సును బట్టి ధర మారదు కాబట్టి అక్కడివారు ఈ మెట్టు దాటవేయవచ్చు.

జబ్బు ఉన్నవారిని చేర్చుకోక తప్పనప్పుడు, ప్రసూతి, మానసిక వైద్యం, మందులు వంటి పది రకాల సేవలు ప్రతి పాలసీలోనూ ఉండి తీరాలన్నప్పుడు, మొత్తం మీద ధర పెరగక మానదు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటును వాడే రాష్ట్రాలలో సొంతంగా కొనే పాలసీ సగటు ప్రీమియం 2013లో నెలకు 232 డాలర్లు ఉండగా 2017 నాటికి 476 డాలర్లకు చేరింది. ఈ రెండు అంకెలను చట్టం వ్యతిరేకులు తరచు చూపిస్తారు, అంకెలు నిజమే. అయితే 232 డాలర్లకు దొరికిన పాలసీ ఆరోగ్యవంతుడికి మాత్రమే దొరికేదనీ, 476 డాలర్ల ప్రీమియంను అధిక శాతం కొనుగోలుదారులు పూర్తిగా తమ జేబు నుంచి కట్టలేదనీ కూడా పక్కన రాసుకోవాలి. ఉత్తరం మీద ఉండేది పాలసీ ధర. మీ ఖర్చు వేరు.

ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవారు

అమెరికాలోని మనవారిలో ఎక్కువమందికి బీమా తాము చేసే ఉద్యోగం ద్వారానే వస్తుంది. వారు ఉత్తరం పక్కన పెట్టి డబ్ల్యూ-2 తీయాలి. 12వ గడిలో డీడీ అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఆ ఏడాది మీ ఆరోగ్య బీమాకు మీరూ మీ యజమానీ కలిపి కట్టిన మొత్తం. ఈ గడిని పూరించాలన్నది కూడా 2010 చట్టం పెట్టిన నియమమే. దాని మీద పన్ను లేదు, తెలియజేయడానికి మాత్రమే ఉంది. జీతం చీటీలో మీ నుంచి పట్టుకున్నది దానిలో నుంచి తీసివేస్తే యజమాని వాటా వస్తుంది. జీతం చీటీలో 550 డాలర్లు చూసి మా బీమా చవకేనని అనుకునే మిత్రులు ఈ గడిలో 27,000 చూసి ఉలిక్కిపడడం నేను చాలాసార్లు చూశాను. ఆ యజమాని వాటా కూడా ఒక విధంగా మీ జీతమే; మీకు రొక్కంగా రాలేదు, అంతే.

ఆరోగ్య విధానాన్ని అధ్యయనం చేసే కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ ఏటా చేసే సర్వే ప్రకారం యజమాని ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం 2000లో 6,438 డాలర్లు, 2010లో 13,770, 2025లో 26,993. చట్టానికి ముందటి పదేళ్లలో రెట్టింపు దాటింది, తరువాతి పదిహేనేళ్లలో రెట్టింపుకు కాస్త తక్కువగా నిలిచింది. దీనిని బట్టి చట్టమే ధరను అదుపు చేసిందని నేను అనను. డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలు కాకముందు మనం పెట్టుకోవలసిన ఖర్చు) పెంచుతూ పోయినప్పుడు ప్రీమియం నెమ్మదించడం సహజం, ఆసుపత్రి ధరల సంగతి మరొకటి. అయితే చట్టం వల్లే యజమానుల బీమా విపరీతంగా పెరిగిందన్న మాటకు ఈ అంకెల్లో ఆధారం దొరకదు.

ఇక్కడ చట్టం ఇచ్చినవి వేరే రూపంలో ఉన్నాయి. బీమా చెల్లించే మొత్తానికి ఉండే జీవితకాల పరిమితి, వార్షిక పరిమితి తొలగిపోయాయి. పిల్లలు 26 ఏళ్లు నిండే వరకు తల్లిదండ్రుల పాలసీలో ఉండవచ్చు. టీకాలు, నిర్దేశించిన పరీక్షలు కోపే (సేవ పొందినప్పుడు మనం కట్టే వాటా) లేకుండా చేస్తారు. ఈ చివరిదానిలో ఒక మెలిక ఉంది. నేను ఒకసారి వార్షిక పరీక్షకు వెళ్లి, మాటల్లో మాటగా మోకాలు నొప్పి సంగతి కూడా డాక్టరు గారికి చెప్పాను. ఆరు వారాల తరువాత బిల్లు వచ్చింది. వార్షిక పరీక్ష ఉచితమే, మోకాలి ముచ్చట మాత్రం వేరే సందర్శన కింద నమోదైంది. ఆ తరువాత నుంచి, పరీక్ష మొదలు కాకముందే ఏది నివారణ కిందికి వస్తుందో, ఏది రాదో అడగడం అలవాటు చేసుకున్నాను.

ఉద్యోగ బీమా ఖరీదు ఎక్కువని, ప్రభుత్వ వెబ్‌సైటులో నడిచే బీమా సంత అయిన మార్కెట్‌ప్లేస్‌కు మారాలనుకునేవారు ఒక లెక్క తప్పక చూడాలి. 2026లో యజమాని ఇచ్చే పాలసీలలో కనీస ప్రమాణం గల చవకైనదానికి, ఉద్యోగి ఒక్కడి కోసం కట్టవలసిన వాటా కుటుంబ ఆదాయంలో 9.96 శాతానికి మించకపోతే, ఆ ఉద్యోగికి ప్రభుత్వ సబ్సిడీ రాదు. భార్యాపిల్లల విషయంలో 2023 నుంచి నియమం మారింది. వారి కోసం కుటుంబ ప్రీమియం మొత్తాన్ని ఆదాయంతో పోల్చి చూస్తారు. ఉద్యోగికి చవకగా ఇచ్చి కుటుంబానికి భారీగా వసూలు చేసే చిన్న కంపెనీలలో పనిచేసేవారికి ఇది పనికివస్తుంది: ఉద్యోగి తన పాలసీలోనే ఉండి, మిగిలినవారిని సబ్సిడీతో మార్కెట్‌ప్లేస్‌లో చేర్చవచ్చు.

సొంతంగా కొనుక్కునేవారు

గ్యాస్ స్టేషన్, మోటెల్, రెస్టారెంటు నడిపేవారు, కాంట్రాక్టు మీద పనిచేసే ఐటీ కన్సల్టెంట్లు, ఉద్యోగం మధ్యలో ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు అయిన హెల్త్‌కేర్.గవ్ ద్వారా, కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి చోట్ల రాష్ట్రం సొంత వెబ్‌సైటు ద్వారా కొనాలి. కేంద్ర సబ్సిడీ లెక్క అంతటా ఒకటే, దాని సూత్రం కూడా చిన్నదే. మీ ప్రాంతంలో మీ వయస్సుకు సిల్వర్ అనే మధ్యరకం పాలసీలన్నిటినీ చవక నుంచి ఖరీదుకు వరుసగా పేర్చితే రెండోది ప్రామాణిక పాలసీ. దాని ధరలో నుంచి, మీ ఆదాయాన్ని బట్టి మీరు కట్టగలరని చట్టం అనుకునే మొత్తాన్ని తీసివేస్తే మిగిలేదే మీ సబ్సిడీ. దానిని మీరు ఏ పాలసీ మీదైనా వాడుకోవచ్చు.

ఆదాయాన్ని పేదరిక రేఖతో పోల్చి కొలుస్తారు. 2026 పాలసీలకు 2025 నాటి రేఖను వాడతారు: ఒక్కరికి 15,650 డాలర్లు, ఇద్దరికి 21,150, నలుగురికి 32,150, ఆపై మనిషికి 5,500 చొప్పున కలుపుకోవాలి. మీ కుటుంబ ఆదాయాన్ని దీనితో భాగించండి. పేదరిక రేఖకు మూడు నుంచి నాలుగు రెట్ల మధ్య ఉంటే మీ వాటా ఆదాయంలో 9.96 శాతం. రెండు రెట్ల దగ్గర 6.6 శాతం, ఒకటిన్నర రెట్ల దగ్గర 4.19 శాతం. నాలుగు రెట్లు దాటితే సబ్సిడీ సున్నా.

ఈ చివరి వాక్యమే 2026లో చాలా ఇళ్లను కుదిపింది. 2010 చట్టంలో మొదటి నుంచీ నాలుగు రెట్ల గోడ ఉంది. కోవిడ్ సమయంలో 2021లో కాంగ్రెస్ ఆ గోడను తీసివేసి, ఎంత ఆదాయమున్నా వాటా 8.5 శాతం దాటకుండా చేసింది. 2022లో చేసిన మరో చట్టం ఆ వెసులుబాటును 2025 చివరి వరకు పొడిగించింది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు కేంద్ర ప్రభుత్వం మూతపడినప్పుడు ప్రధాన వివాదం దీని పొడిగింపే. పొడిగింపు లేకుండానే డిసెంబరు 31 గడిచిపోయింది.

నలుగురున్న ఇల్లు, ఏడాదికి లక్ష డాలర్ల ఆదాయం అనుకుందాం. 2025లో వారి వాటా 6.5 శాతం, అంటే ప్రామాణిక పాలసీకి నెలకు 542 డాలర్లు. 2026లో అదే ఆదాయానికి 9.96 శాతం, నెలకు 830 డాలర్లు. బీమా కంపెనీ ధర పెంచినా పెంచకపోయినా ఈ 288 డాలర్ల తేడా వస్తుంది. కంపెనీ పెంచిన మొత్తాన్ని సబ్సిడీ భరిస్తుంది కాబట్టి, ఈ కుటుంబం ఉత్తరంలోని పెంపు శాతం చూసి బెంబేలెత్తడం కన్నా ఈ శాతాల పట్టిక చూసుకోవడం మేలు.

ఇప్పుడు అదే ఇంటికి 1,30,000 డాలర్ల ఆదాయం ఉందనుకోండి. నలుగురి కుటుంబానికి నాలుగు రెట్లు అంటే 1,28,600. ప్రామాణిక పాలసీ నెలకు 2,000 డాలర్లు, అంటే ఏడాదికి 24,000 అని అనుకుంటే, సరిగ్గా 1,28,600 ఆదాయం ఉన్నవారు 12,809 కట్టి 11,191 సబ్సిడీ పొందుతారు. 1,400 డాలర్లు ఎక్కువ సంపాదించినవారు మొత్తం 24,000 కట్టుకోవాలి. పరీక్షలో ఒక్క మార్కుతో ఫెయిలైనట్టుంటుంది ఇది.

కనుక గోడకు దగ్గరలో ఉన్నవారు డిసెంబరులోపే ఆదాయాన్ని ఇవతలికి లాగే మార్గాలు చూడాలి. 401(కె) అనే ఉద్యోగ పదవీవిరమణ ఖాతాలో పన్నుకు ముందు వేసే సొమ్ము, అర్హత ఉంటే సొంతంగా తెరిచే పదవీవిరమణ ఖాతా అయిన ట్రెడిషనల్ ఐఆర్‌ఏ, వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఆరోగ్య పొదుపు ఖాతా ఇందుకు పనికివస్తాయి. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లోని బ్రాంజ్ అనే కింది రకం పాలసీలన్నీ ఆరోగ్య పొదుపు ఖాతాకు అర్హత పొందాయి. కుటుంబానికి 8,750 డాలర్ల వరకు అందులో వేయవచ్చు. పై ఉదాహరణలోని కుటుంబం బ్రాంజ్ తీసుకుని ఆ 8,750 వేస్తే ఆదాయం 1,21,250కి దిగుతుంది, సబ్సిడీ దాదాపు 11,920 డాలర్లు వస్తుంది. ఖాతాలో వేసిన సొమ్ము వారి సొమ్ముగానే ఉంటుంది.

మన లెక్కలో జారిపోయే ఆదాయం

సబ్సిడీ కోసం చూసే ఆదాయం జీతంతో ఆగదు, ప్రపంచంలో ఎక్కడ వచ్చినదైనా కలుస్తుంది. ఇక్కడే తెలుగు కుటుంబాలు ఎక్కువగా పొరపడతాయి. ఎన్‌ఆర్‌ఈ (భారత బ్యాంకులో ప్రవాసులు వేసుకునే) డిపాజిట్ మీద వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు కాబట్టి అమెరికాలోనూ చూపనక్కరలేదని అనుకునేవారు ఇంకా ఉన్నారు. అమెరికా పన్నుకు అది మామూలు వడ్డీయే. కొండాపూర్‌లో ఫ్లాటు మీద వచ్చే అద్దె, ఖర్చులూ తరుగుదలా పోను మిగిలినది, ఆదాయమే. పదిహేనేళ్ల క్రితం కొన్న స్థలాన్ని ఈ ఏడాది అమ్మితే వచ్చిన లాభం మొత్తం ఈ ఏడాది ఆదాయంలోనే పడుతుంది. మామూలుగా 90,000 సంపాదించే కుటుంబం స్థలం అమ్మిన ఒక్క ఏడాది గోడ అవతలికి దూకుతుంది.

పూర్వం ఇలాంటి సందర్భంలో కొంత ఊరట ఉండేది. ఏడాది పొడుగునా ముందుగా తీసుకున్న సబ్సిడీ ఎక్కువైందని తేలితే, నాలుగు రెట్ల లోపు ఆదాయం ఉన్నవారు తిరిగి కట్టవలసిన దానికి ఒక పరిమితి ఉండేది. 2025 జులై 4న సంతకమైన చట్టం 2026 పన్ను సంవత్సరం నుంచి ఆ పరిమితిని ఎత్తివేసింది. ఇకపై ఎక్కువ తీసుకున్న ప్రతి డాలరూ తిరిగి కట్టాలి. అందువల్ల స్థలం అమ్మకం, బోనసు, షేర్ల అమ్మకం వంటివి జరిగిన వారంలోనే మార్కెట్‌ప్లేస్ ఖాతాలోకి వెళ్లి ఆదాయ అంచనాను సవరించుకోవాలి. జనవరి చివరికల్లా వచ్చే ఫారం 1095-ఎ లోని అంకెలతో పన్ను రిటర్నుతో పాటు వేసే ఫారం 8962 పూరిస్తే అసలు లెక్క తేలుతుంది. అప్పటిదాకా ఆగితే చేయగలిగినది పెద్దగా ఏమీ ఉండదు.

ఏ లోహం?

బ్రాంజ్ పాలసీ సగటున ఖర్చులో 60 శాతం, సిల్వర్ 70, గోల్డ్ 80, ప్లాటినం 90 శాతం భరించేలా కడతారు. ఆదాయం పేదరిక రేఖకు రెండు రెట్ల లోపు ఉన్నవారు కళ్లు మూసుకుని సిల్వర్ తీసుకోవచ్చు, ఎందుకంటే వారికి అదే సిల్వర్ అదనపు ధర లేకుండా 87 లేదా 94 శాతం భరించే పాలసీగా మారుతుంది. ఈ అదనపు భారానికి ప్రభుత్వం కంపెనీలకు ఇస్తున్న సొమ్మును 2017 అక్టోబరులో ఆపివేసింది. కంపెనీలు ఆ నష్టాన్ని సిల్వర్ ధరలో కలిపేశాయి. సిల్వర్ ధర పెరిగితే సబ్సిడీ పెరుగుతుంది. ఆ పెరిగిన సబ్సిడీతో బ్రాంజో గోల్డో కొంటే చవకవుతుంది. సబ్సిడీని దెబ్బ తీయడానికి చేశారని అందరూ అనుకున్న పని చాలామందికి గోల్డ్‌ను సిల్వర్ కన్నా చవక చేసింది. అందుకే రెండు రెట్లు దాటినవారు గోల్డ్ ధర చూడకుండా సిల్వర్ నొక్కరాదు.

ప్రీమియం ఒక్కటే చూసి బ్రాంజ్ తీసుకునేవారు జేబు ఖర్చు పరిమితిని కూడా చూడాలి. ఏడాదిలో మీరు చెల్లించవలసిన గరిష్ఠ మొత్తానికి చట్టం గీసిన గీత అది. 2014లో ఒక్కరికి 6,350 డాలర్లు ఉన్న ఆ గీత 2025లో 9,200కి చేరింది. శస్త్రచికిత్సో కాన్పో ఉన్న ఏడాదిలో ప్రీమియంకు ఈ మొత్తాన్ని కలిపి పాలసీలను పోల్చాలి.

వీసా, గ్రీన్ కార్డు, తల్లిదండ్రులు

ఇంతకాలం హెచ్-1బీ, ఎల్-1 (పని వీసాలు), ఎఫ్-1 (విద్యార్థి వీసా) వంటి హోదాల్లో చట్టబద్ధంగా ఉంటున్నవారికి కూడా సబ్సిడీ అర్హత ఉంది. 2025 చట్టం ప్రకారం 2027 జనవరి 1 నుంచి అది గ్రీన్ కార్డు ఉన్నవారికి, కొన్ని ప్రత్యేక వర్గాల వలసదారులకు మాత్రమే, పౌరులకు ఎలాగూ ఉంటుంది. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉండి పని అనుమతి పత్రం మీద బతుకుతున్నవారు దీనిలోకి రారు. వరుసలో దశాబ్దాలుగా నిలబడిన భారతీయులకు ఇది పెద్ద దెబ్బ. పాలసీ కొనుక్కోవడానికి అడ్డు లేదు గానీ పూర్తి ధరకే కొనాలి. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉండి పిల్లలు ఇక్కడే పుట్టిన ఇంట్లో, పిల్లల వరకు సబ్సిడీ లెక్క వేరుగా వేసుకోవాలి.

గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల సంగతి కాస్త నిదానంగా చూడవలసినది. 65 దాటినా, దేశంలో నిరంతరంగా 5 ఏళ్లు ఉండనిదే వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ రాదు. ఆ తరువాత కూడా పని చరిత్ర లేనివారు డబ్బు కట్టి కొనుక్కోవాలి. 2026లో ఆసుపత్రి ఖర్చులకు ఉన్న పార్ట్ ఎకు నెలకు 565 డాలర్లు, డాక్టర్ల ఖర్చులకు ఉన్న పార్ట్ బికి 202.90. తక్కువ ఆదాయంవారి ప్రభుత్వ బీమా అయిన మెడికేడ్‌కూ చాలాచోట్ల 5 ఏళ్ల నిరీక్షణ ఉంది. ఈ ఖాళీలో మార్కెట్‌ప్లేస్ ఒక్కటే దారి. 2025 వరకు, సొంత ఆదాయం దాదాపు లేని తల్లిదండ్రులు విడిగా పన్ను రిటర్ను వేసి అతి తక్కువ ప్రీమియంకే మంచి సిల్వర్ పాలసీ పొందేవారు. పేదరిక రేఖకు దిగువనున్న వలసదారులకు చట్టంలో ప్రత్యేకంగా ఇచ్చిన ఆ వెసులుబాటు 2026 జనవరి 1తో పోయింది.

మిగిలిన మార్గం, నిబంధనలు కుదిరితే, తల్లిదండ్రులను పిల్లల పన్ను రిటర్నులో ఆధారపడినవారిగా చూపడం. అప్పుడు ఆదాయం అందరిదీ కలుస్తుంది, మనుషుల లెక్క కూడా కలుస్తుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దవారు ఉన్న ఆరుగురి కుటుంబానికి నాలుగు రెట్ల గీత 1,72,600 డాలర్లు. కొడుకు, కోడలి ఆదాయం కలిపి 1,50,000 అనుకుంటే, వారి వాటా 14,940. పెద్దవారిద్దరికీ ప్రామాణిక పాలసీ నెలకు 2,400, అంటే ఏడాదికి 28,800 అయితే, 13,860 సబ్సిడీ వస్తుంది. కొడుకు, కోడలు, పిల్లలు ఉద్యోగ బీమాలోనే ఉన్నా దీనికి అడ్డు లేదు. లక్షన్నర ఆదాయానికి సబ్సిడీ ఏమిటని అనుకుని చాలామంది ఈ లెక్క వేయరు.

మూడు నెలలో ఆరు నెలలో ఉండి వెళ్లడానికి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు ఈ చట్టం వర్తించదు. వారికి కొనే సందర్శకుల బీమాకు పైన చెప్పిన ఏ రక్షణా లేదు: పాత జబ్బును మినహాయించవచ్చు, వయస్సు మీద పరిమితి పెట్టవచ్చు, చెల్లింపునకు గరిష్ఠం పెట్టవచ్చు. పాత జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తామని ఉంటే, హఠాత్తు అనే మాటకు పాలసీలో ఇచ్చిన అర్థం చదివి కొనండి. ఒక్కో సేవకు ఇంత అని నిర్ణీత మొత్తం ఇచ్చే పాలసీ చవకగా కనిపిస్తుంది గానీ, అమెరికా ఆసుపత్రి బిల్లు ముందు అది సముద్రంలో కాకిరెట్ట.

ఉద్యోగం పోయినప్పుడు

హెచ్-1బీ వారికి ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజులు. పాత బీమాను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలో లేదో తేల్చుకోవడానికీ, మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికీ కూడా 60 రోజులే. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ కోబ్రా ఇవ్వాలి, సాధారణంగా 18 నెలల వరకు. ధర పూర్తి ప్రీమియంకు 2 శాతం అదనం. పైన చెప్పిన 2025 సగటు ప్రకారం కుటుంబానికి నెలకు దాదాపు 2,294 డాలర్లు. అయితే కోబ్రాను 60 రోజులలోపు ఎప్పుడు ఎంచుకున్నా బీమా పోయిన రోజు నుంచే వర్తిస్తుంది, ఆ నడిమి నెలల ప్రీమియం కట్టాలి, అంతే. వెంటనే కొత్త ఉద్యోగం దొరికే ఆశ ఉన్నవారు కాగితం దగ్గర పెట్టుకుని వేచి చూడవచ్చు. మధ్యలో ఆసుపత్రి పాలైతే అప్పుడు ఎంచుకోవచ్చు. మార్కెట్‌ప్లేస్ పాలసీ అలా వెనక్కి వర్తించదు, ఎంచుకున్న తరువాతి నెల 1వ తేదీ నుంచి మొదలవుతుంది. ఒకసారి కోబ్రా తీసుకుని ఆ 60 రోజులు దాటాక మధ్యలో మానుకుంటే, వార్షిక నమోదు దాకా మార్కెట్‌ప్లేస్ తలుపు తెరుచుకోదని కూడా గుర్తు పెట్టుకోవాలి.

బీమా లేకుండా ఉంటే కట్టవలసిన కేంద్ర జరిమానా 2019 నుంచి సున్నా అయింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, వాషింగ్టన్ డీసీలలో మాత్రం స్థానిక జరిమానా ఉంది.

గడువులు

హెల్త్‌కేర్.గవ్ నమోదు నవంబరు 1న మొదలవుతుంది. 2026 పాలసీల వరకు జనవరి 15 దాకా సమయం ఉండేది. 2027 పాలసీల నుంచి డిసెంబరు 15తో ముగుస్తుంది. రాష్ట్రాల సొంత వెబ్‌సైట్ల గడువు కొంచెం అటూ ఇటుగా ఉన్నా డిసెంబరు 31 దాటరాదు. ఏమీ చేయకుండా ఊరుకుంటే పాత పాలసీయే తనంతట తాను కొనసాగుతుంది గానీ, గత ఏడాది రెండో చవక సిల్వర్ అయినది ఈ ఏడాది నాలుగో స్థానంలో ఉండవచ్చు, ఆ తేడా మొత్తం మీ జేబు నుంచే పోతుంది. కాబట్టి నవంబరు మొదటి వారాంతంలో ఒక గంటన్నర కేటాయించి, కొత్త ఏడాది ఆదాయ అంచనాలో జీతం పక్కన ఎన్‌ఆర్‌ఈ వడ్డీ, అద్దె, అమ్మబోయే స్థలం వరుసగా రాసి, ఆ మొత్తంతో పాలసీలన్నిటినీ మళ్లీ ఒకసారి పోల్చి చూడండి.